రాయి ఎక్కడుందో రాయకూడదు

నాకు ఈత రాదు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన వాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, సార్, మీ అనుభవంలో మాకు పనికొచ్చేది ఏదైనా రాసిపెట్టండి అంటుంటారు. పనికొచ్చేది రాసే ముందు పనికిరానిది ఒకటి ఒప్పుకోవాలి. నాకు ఈత రాదు. సముద్రం అడుగున ఏముందో చూసి చెప్పే ప్రభుత్వ ఉద్యోగం ముప్పై ఏళ్లకు పైగా చేశాను. నీళ్లు మోకాలు దాటితే మాత్రం అహోబిలం నరసింహస్వామిని తలుచుకునేవాణ్ని.

మాది బేతంచెర్ల. మా ఇంట్లో నేల, గోడ, అరుగు, చివరికి పైకప్పు కూడా నాపరాళ్లే. మా నాయన క్వారీలో బండలు తీయించే మేస్త్రీ. ఆయన ఉలి పెట్టి తడితే రాయి పొర పొరగా, పుస్తకంలో కాగితాల్లా విడివడేది. కొలతలో నూలు తేడా వస్తే బండని పక్కన పారేయించేవాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా ఇంట్లో నా మార్కుల కంటే దానికే గౌరవం ఎక్కువ.

కర్నూలు కాలేజీలో చదివేటప్పుడు ఒక లెక్చరరు, మీ ఊరి బండలన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురదే అన్నారు. గవ్వలూ చేపలూ ఇంకా పుట్టని కాలపు సముద్రమట. ఆ వారం ఇంటికెళ్లి నేల మీద బోర్లా పడుకున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం, చెంప కింద బండ చల్లగా ఉంది. కళ్లు మూసుకుంటే ఎక్కడో చాలా పైన నీళ్లు కదులుతున్నట్టు అనిపించింది. మా అమ్మ చెంబు పట్టుకుని అటు నుంచి ఇటు నడిచింది. ఆమె నీడ పడవ నీడలా నా వీపు మీదుగా మెల్లగా దాటిపోయింది. నేను ఉద్యోగంలో చేరింది ఆ మధ్యాహ్నమే. ఆర్డరు కాగితం నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఆ కాగితాన్ని నాయన రెండుసార్లు చదివించుకున్నాడు. "నీళ్లు ల్యాక ఈడ మనం సస్తాంటే, నువ్వు నీళ్ల కింద రాళ్లు సూసేకి పోతాండావా? రాళ్లే సూడాలంటే ఈడేం తక్కువుండాయప్పా?"

సరైన ప్రశ్నే. జవాబు చెప్పేలోగా ఆయన క్వారీకి వెళ్లిపోయాడు.

కెమెరాకి కట్టిన బండ

పని ఏమిటో చెప్తాను. ఒడ్డుకు చాలా దూరంగా, నలభై బారల లోతులో, మైళ్లకొద్దీ బురద మధ్య ఎక్కడో ఒకచోట రాయి లేచి ఉంటుంది. బారంటే మనిషి రెండు చేతులూ చాచినంత కొలత. ఆ రాయి మీద ఏం బతుకుతోందో చూడాలి, వలల నుంచి దాన్ని కాపాడే దారి చెప్పాలి. ఇనుప చట్రంలో కెమెరానీ దీపాలనీ బిగించి తాడుతో దించుతాం, పడవలో కూర్చుని చిన్న తెర మీద చూస్తాం. కెమెరా కిందికి పోతుంటే నేను పొద్దున తిన్నది పైకి వచ్చేది. ఆ రెండింటి వేగం ఎప్పుడూ సమానంగానే ఉండేది.

మొదట్లో చట్రానికి బరువు చాలక ప్రవాహంలో గాలిపటంలా కొట్టుకుపోయేది. సెలవుకి ఊరెళ్లినప్పుడు, నాయన ఎప్పుడో కొట్టి పక్కన పారేయించిన బండల్లోంచి చిన్నవి రెండు ఏరి, గోనెసంచిలో చుట్టి రైలెక్కించాను. మా తమ్ముడికి పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. సంచి మోయడానికి స్టేషన్ దాకా వచ్చి, "ఏమన్నా, సముద్రానికి సారె పెడ్తాండావా?" అన్నాడు. అలా మా ఊరి బండలు, కోట్ల ఏళ్ల కిందట వదిలొచ్చిన నీళ్లలోకి మళ్లీ దిగాయి.

తెర మీద చాలాసేపు ఏమీ ఉండదు. ఆకుపచ్చటి మసక. అందులో జొన్నలు తూర్పారబట్టేటప్పుడు ఎగిరే పొట్టులాగా తెల్లటి నలుసులు రాలుతుంటాయి. కళ్లు బరువెక్కుతాయి. మేలుకుని చూస్తున్నామో కలలో చూస్తున్నామో తేలని సమయంలో రాయి వస్తుంది. దాని మీద తోట. విసనకర్రల్లా విచ్చుకున్న పగడాలు, కూజాల్లాంటి స్పాంజీలు, తెల్లటి నూగు కప్పుకున్న నల్లపగడం కొమ్మలు. అన్నీ ఒకే వైపు ఒరిగి ఊగుతుంటాయి. సందుల్లో పెద్ద పెద్ద చేపలు, పంచాయతీకి వచ్చి మాట రాని పెద్దమనుషుల్లా, నోరు కొంచెం తెరుచుకుని నిలబడి ఉంటాయి. అక్కడి జాలర్లు వాటిని బొంతలంటారు. మా ఇంట్లో బొంతంటే పాత చీరలు కలిపి కుట్టి కప్పుకునేది. రాయి బొంతలు కప్పుకుని నిద్రపోతోందని నా మొదటి రిపోర్టులో రాశాను. ఎర్ర ఇంకుతో కొట్టేశారు.

అక్కడ ఒక విసనకర్ర చేటంత కావడానికి ఒక మనిషి ఆయుష్షు పట్టవచ్చు. అది విరగడానికి వల ఒక్కసారి తగిలితే చాలు. మీ ఉద్యోగమంతా ఈ రెండు వాక్యాల మధ్యనే ఉంటుంది.

నూకరాజు చూపిన చోటు

మా సర్వేకి పడవ నడపడానికి ఉత్తరాంధ్ర తీరంలోని ఒక ఊరి జాలరిని కుదుర్చుకున్నాం. పేరు నూకరాజు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఊరి పేరు రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది. మొదటి రోజు నేను పడవ అంచు పట్టుకుని వంగి ఉంటే, ఆయన ఓపిగ్గా వెనక నిలబడి, "బాబూ, సేపలకి మేతెయ్యడం అయిపోతే సెప్పండి, తాడు దించుతాను" అన్నాడు.

ఆ దగ్గర్లో ఒక రాయి ఉందని విని వెతుకుతున్నాం. మా పరికరాలు రెండు రోజులు బురదని తప్ప ఇంకేమీ చూపలేదు. మూడో రోజు నూకరాజు పడవలో లేచి నిలబడి ఒడ్డు వైపు చూశాడు. అంత దూరం నుంచి ఒడ్డు కనపడదు, కొండలు మాత్రం నీలంగా కనిపిస్తాయి. ఒక కొండ మీది గుర్తు ఇంకో కొండ వెనక్కి రావాలి, రెండో పక్కన ఇంకో రెండు గుర్తులు ఒకదాని మీదికొకటి రావాలి. ఆ రెండూ కుదిరిన చోట ఇంజన్ ఆపి, తాడు వదలమన్నాడు. కింద రాయి.

ఆ గుర్తులు వాళ్ల తల్లి తరపు తాత నుంచి వచ్చాయట. ఆ రాయి దగ్గర వాళ్లింట్లో వాళ్లు చేతిగాలం తప్ప ఇంకేదీ వేయరు. ఏటా గుడ్డుతో ఉన్న బొంత మొదటిది పడిన రోజున తాడు చుట్టేసి, రెండు అమావాస్యలు దాటేదాకా అటు పోరు. పెళ్లి ఖర్చులున్న ఏడాది కూడా పోలేదని, చెప్పుకోవడానికి అదేమంత గొప్ప కాదన్నట్టు చెప్పాడు.

నేను పుస్తకం తెరిచి పెన్ను తీశాను. నూకరాజు తన తడిచెయ్యి కాగితం మీద పెట్టాడు.

"సూసుకోండి బాబూ. రాసుకోకండి."

అలాగేనని పుస్తకం మూశాను. మూసి, జేబులోకి చెయ్యి పోనిచ్చి, మేం ఉన్న చోటుని గుర్తుపెట్టుకునే పరికరం మీట నొక్కాను. రాయలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చదువుకున్నవాడు తనకి తాను చెప్పుకునే అబద్ధాలు ఎప్పుడూ వ్యాకరణం తప్పవు.

ఆ రోజు చట్రం రాయికి తట్టుకుంది. లాగితే మేం కట్టిన బండ ఒకటి ఊడి అక్కడే ఉండిపోయింది. పైకి వస్తున్న కెమెరాలో అది చిన్నదవుతూ కనిపించింది. అంచున నాయన ఉలిగాట్లు, చుట్టూ ఊగుతున్న విసనకర్రలు. వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్న మనిషిలా ఉంది. నాకు కాస్త అసూయ కలిగింది.

నూలు తేడా లేని తప్పు

అప్పటి మా పై అధికారి చెడ్డవాడు కాదు, తొందరవాడు. అక్కడ వేట నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చేసరికి ఆలస్యమవుతుందని, ఈలోగా మ్యాపు వేసి హార్బరులో పంచితే పడవలవాళ్లు తెలుసుకుని తప్పుకుపోతారని ఆయన ఆలోచన. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు. ఉజ్జాయింపుగా ఒక సున్నా చుట్టమన్నాడు, అంతే. అక్షాంశం, రేఖాంశం, చుక్క తర్వాత నాలుగంకెల దాకా పెట్టింది నేను. బేతంచెర్ల మేస్త్రీ కొడుకుని. అంకె తప్పు పోకూడదని అచ్చుప్రతి మూడుసార్లు దిద్దాను. ఇక్కడ అరుదైన జీవులున్నాయి, దయచేసి వేటాడకండి అని పైన పెద్ద అక్షరాలు. కింద చేపల ఇంటి నంబరు.

అంత సముద్రంలో ఆ రాయి మా ఊరి బస్టాండంత ఉంటుందేమో. తెలియనివాడికి జన్మలో దొరకదు. దాన్ని కాపాడింది ఆ దొరక్కపోవడమే. మేం పంచిన కాగితంలోని అంకెలు పడవల పరికరాల్లోకి ఎక్కాయి. వందల కొక్కేలున్న గాలపు తాళ్లు వచ్చాయి, రాళ్ల మీద వేసే వలలు వచ్చాయి, చివరికి కింద టైరు ముక్కలు కట్టి రాయి మీద కూడా దొర్లించగలిగే వలలు వచ్చాయి. నేను రెండో సర్వేకి వెళ్లేసరికి ఏడాది దాటింది.

తెర మీద అదే ఆకుపచ్చ మసక, అవే నలుసులు. రాయి వచ్చింది. కోత అయిపోయిన జొన్నచేలో కొయ్యకాళ్లలాగా, విసనకర్రల మొదళ్లు మాత్రం మిగిలాయి. ఒక పక్క తెగిపోయిన వల రాయిని చుట్టుకుని ఊగుతోంది. అందులో చిక్కిన చేపల్ని తినడానికి వచ్చిన చేపలు కూడా అందులోనే చిక్కి ఉన్నాయి. పట్టేవాడు వెళ్లిపోయినా వల పని మానలేదు. మా బండ మాత్రం ఉన్నచోటే ఉంది, ఒక్క గీత కూడా పడకుండా.

నూకరాజు నా భుజం మీదుగా తెరని చివరిదాకా చూశాడు. జేబులోంచి మా కరపత్రం తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది, మడతల దగ్గర చిరిగింది. అంటే దాని గురించి ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. ఆ ఏడాదంతా నాతో ఒక్క మాట అనలేదు.

"అచ్చంగా ఆ సోటే ఏసినారు. కొంచెం తప్పుగా రాయలేకపోనారా బాబూ."

అరిచి ఉంటే క్షమించమని అడిగేవాణ్ని. అరవలేదు. మర్నాటి నుంచి మా పడవకి రాలేదు. ఒడ్డు దగ్గర చిన్న చేపల వలలకి పోతున్నాడని విన్నాను. వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. మంచినీళ్లిచ్చారు, కూర్చోబెట్టారు, వానల గురించి మాట్లాడారు. రాయి మాట రాలేదు. మర్యాద కంటే పెద్ద శిక్ష నాకు సర్వీసులో ఎవరూ వేయలేదు.

పై అధికారి మీద తోసేయడం సులువు. చాలాకాలం నేనూ అలాగే చెప్పుకు తిరిగాను. ఆయన అడిగింది సున్నా, నేనిచ్చింది చుక్క. క్వారీలో పనికొచ్చే నిజాయితీ సముద్రంలో ద్రోహమవుతుందని నాకు తెలియలేదు. మీకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది కాబట్టి నాకంటే ఒక రాయి తక్కువ పోగొట్టుకుంటారు.

పెద్ద గీత

తర్వాత వచ్చిన అధికారిణి తక్కువ మాట్లాడేది. జరిగిందంతా ఆమెకు పూర్తిగా చెప్పాను, జేబులో మీట నొక్కడంతో సహా. విని, అక్కడ ఇంకా ఏమైనా మిగిలిందా అని అడిగింది. మొదళ్లున్నాయి, రాయి ఉంది అన్నాను. అయితే రాయి చుట్టూ గీయొద్దు, సముద్రం చుట్టూ గీద్దాం, రాయి లోపల ఎక్కడో ఉంటుంది అంది. మధ్యలో ఉండకుండా చూడండి అని కూడా అంది. నేను పదేళ్లలో నేర్చుకోనిది ఆమె పది నిమిషాల్లో కనిపెట్టింది.

గీత గీయడం సులువు, దాన్ని పడవలవాళ్ల చేత ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. ఒక సమావేశంలో పడవల సంఘం నాయకుడు, ఇంత నీళ్లు మూసేస్తే మేం ఎక్కడికి పోవాలి సార్, రాయి ఎక్కడుందో చెప్పండి, దాన్నొక్కదాన్నే వదిలేస్తాం అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. వెనక వరసలో, గోడకి ఆనుకుని నూకరాజు నిలబడి ఉన్నాడు. నాకు అంకెలు నోటికొచ్చు.

మాది బేతంచెర్లండీ, మాకు నీళ్లు ఎక్కడ కనిపించినా ఒక్కలాగే ఉంటాయి, అన్నాను. హాలంతా నవ్వారు. నాయకుడూ నవ్వాడు. తెలివితక్కువవాడిగా కనిపించడం ఈ ఉద్యోగంలో పెద్ద పనిముట్టు. నాకు దాన్ని పదును పెట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. నూకరాజు నవ్వలేదు గానీ తల దించుకుని ఏదో ఆలోచిస్తూ బయటికి నడిచాడు. రొయ్యల బురద ఉన్న పడమటి వైపు వాళ్లకి వదిలి, మిగతా మూడు వైపులా గీత జరిపాం. అడుగున వేసే వలలూ గాలపు తాళ్లూ లోపల నిషిద్ధం.

ఆ గీత పూర్తిగా పనిచేస్తుందని చెప్పను. కాపలా పడవకి ఒకరోజు డీజిల్ ఉండదు, ఇంకోరోజు డీజిల్ ఉంటే నడిపేవాడు ఉండడు. దొంగవలలు పడతాయి. కానీ ఎక్కడ వేయాలో తెలియకుండా పడతాయి. ఆ తేడా చిన్నది కాదు.

సముద్రం అడుగున కొయ్యకాళ్లు

తీరంలో ఉన్నన్నాళ్లు తీరిక లేదు. తీరిక దొరికేసరికి తీరం లేదు. రిటైరై బేతంచెర్ల వచ్చేశాను. మధ్యాహ్నాలు నేల మీద చాప కూడా లేకుండా పడుకుంటాను. అమ్మ నీడ ఇప్పుడు లేదు గానీ ఫ్యాను నీడ తిరుగుతుంటుంది. మగతలో ఆ కొయ్యకాళ్లు మా బండల సందుల్లోంచి మొలిచి, విచ్చుకుని, ఫ్యాను గాలికి ఊగుతుంటాయి. ఫోను మోగితే ముడుచుకుంటాయి.

ఒకరోజు అలా మోగింది. నా కుర్చీలో ఇప్పుడున్న అమ్మాయి ఒక ఫోటో పంపింది. గీత లోపలి రాయి. మొదళ్లలో సగం అలాగే ఉన్నాయి, సగం చిన్న చిన్న రెక్కలు వేశాయి. ఒక మూల మా బండ. దాని మీద, నాయన ఉలిగాట్ల పక్కనే, చిటికెన వేలంత విసనకర్ర. కర్నూలు వెళ్లి స్టూడియోలో పెద్దది చేయించుకొచ్చాను. ఇదేం మొక్క సార్ అని అడిగాడు స్టూడియో అతను. మా ఇంటి మొక్కే అన్నాను.

ఆ వేసవికే నూకరాజు ఫోన్ చేశాడు. బంధువులతో బస్సులో అహోబిలం వచ్చాడట, దగ్గరే అంటున్నారు, ఓసారి చూసిపోనా అన్నాడు. నంబరు ఎక్కడ సంపాదించాడో అడగలేదు. రమ్మన్నాను.

ఇంటికొచ్చిన మనిషిని మా తమ్ముడు ఎగాదిగా చూసి, "సముద్రమోళ్లు, మా ఎండకు శానా ఇబ్బంది పడ్తారు. మజ్జిగ తాగప్పా ముందు" అని చెంబు చేతికిచ్చాడు. సాయంత్రం కాకముందే, నాయన పనిచేసిన పాత క్వారీకి తీసుకెళ్లాను. ఇప్పుడు అక్కడ ఎవరూ తవ్వడం లేదు. మెట్లు మెట్లుగా దిగితే అడుగున గాలి ఉండదు, చప్పుడు ఉండదు. పైన చతురస్రంగా ఆకాశం, నీళ్ల కింది నుంచి చూసినట్టు. అడుగున ఒక పెద్ద బండ మీద ఇసుక ముడతలు పడ్డట్టే రాయి ముడతలు పడి ఉంటుంది.

అది చూసి నూకరాజు చెప్పులు విప్పాడు. ఒంగి అరచెయ్యి దాని మీద పెట్టి అటూ ఇటూ రాశాడు.

"అలల సారలు గదా బాబూ ఇయి. మరి నీరేటయిపోనాది?"

"వెళ్లిపోయింది."

"సెప్పకుండానా?" అని నవ్వాడు. ఇన్నేళ్లలో నా ముందు నవ్వడం అదే మొదటిసారి.

ఫోటో ఇచ్చాను. చాలాసేపు చూశాడు. మీ బండేనా అని అడిగాడు. మా నాయన కొట్టిందే అన్నాను. ఫోటో ఒళ్లో పెట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. ఆ తర్వాత, వానల గురించి చెప్పే గొంతుతోనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకో రాయి ఉంది. గీతకి బయట, కొంచెమే బయట, పొద్దుపొడిచే వైపు. మొదటి దానికంటే పెద్దది. ఎవరికీ చూపలేదు. ఇప్పుడంత దూరం పోవడానికి ఒంట్లో ఓపిక లేదు.

"నా తర్వాత దాన్ని కాసే మనిషి లేడు బాబూ. గీత ఎప్పుడన్నా కదిపితే అది లోపలుండేలా సూడండి. ఎందుకని అడిగితే సెప్పకండి."

కొండల గుర్తులు చెప్పడం మొదలుపెట్టాడు. నా చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ఫోను తీసి, ఆయన చూస్తుండగా, నాలుగడుగుల అవతల బండ మీద బోర్లా పెట్టి వచ్చి కూర్చున్నాను. ఆయన ఆగి, చూసి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. రెండుసార్లు నా చేత అప్పజెప్పించుకున్నాడు.

ఆయన్ని బస్సెక్కించి వచ్చాక తమ్ముడు, "యాడికి పోయినారన్నా ఇంతసేపు? ఏం సెప్పినాడు ఆయప్ప?" అని అడిగాడు. వాళ్ల ఊరి కొండలు బాగుంటాయట అన్నాను.

మొన్న గీతని సవరించే పని వచ్చింది. ఆ అమ్మాయి చిత్తుమ్యాపు పంపి, సార్, ఒకసారి చూడండి అంది. తూర్పు వైపు ఇంకాస్త జరపమని చెప్పాను.

"ఎంత సార్?"

"కొంచెమేనమ్మా."

"ఫైల్లో కారణం రాయాలి కదా సార్."

"రిటైరైనవాడి చాదస్తమని రాయి."

కీబోర్డు మీద కొడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అక్కడ ఏమైనా ఉందా సార్?"

"నీళ్లున్నాయమ్మా."

ఇంకేమీ అడగలేదు. ఉత్తర్వు వచ్చాక మ్యాపు పంపింది. నేను చెప్పినదానికంటే ఇంకొంచెం ఎక్కువే జరిపింది, అదీ ఒకే కొలతలో కాకుండా. తూర్పు గీత వంకరగా ఉంది. నాయన ఉండుంటే అలాంటి అంచున్న బండని పక్కన పారేయించేవాడు.